పద్నాలుగు సార్లు దిగిన లిఫ్టు

జూన్ 8, ఆదివారం

నువ్వు పిరికివాడివి. కాలంలో వెనక్కి వెళ్ళే సినిమా అంటే ఎగబడి వస్తావు. పొట్ట పట్టుకుని నవ్వుతావు. కిందటి ఏడాది నువ్వు చేసిన తప్పు షేర్ ఆటోలో పావుగంట దూరంలో కూర్చుని ఉన్నా, దాని దగ్గరికి మాత్రం వెళ్ళవు.

వ్యాసం ఇలా మొదలుపెడతాను. బాగానే ఉంది. పాఠకుడిని ముందే నిలదీయడం నా పద్ధతి. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. పత్రిక ఎడిటరు ఒకసారి, "త్రినాధరావు గారూ, పాఠకుడు మీకేం అన్యాయం చేశాడండీ?" అని అడిగాడు. చదివి ఊరుకున్నాడు, అంతకన్నా ఏం చెయ్యాలి అన్నాను. నెలాఖరుకి వ్యాసం పంపాలి.

ఈ రోజు ఫిల్మ్ క్లబ్బులో రెండు సినిమాలు వేశాం. బెల్లం గోదాం మీద గది. సీజను అయిపోయి కింద గోదాం ఖాళీగా ఉన్నా ఆ వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. కిటికీలకి గోనెసంచులు కట్టి మధ్యాహ్నాన్ని చీకటి చేశాం. మొదటి సినిమాకి ఏడుగురు వచ్చారు. రెండోదానికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి, ప్రొజెక్టరు నడిపిన మత్స్యరాజు ఒకడు.

మొదటిది జపాను సినిమా. ఒక గుమాస్తా, తమ్ముడు కొత్తగా పెట్టిన హోటల్లో నలుగురి ముందు, "నీ వంట జనం జాలిపడి తింటున్నారురా" అంటాడు. తమ్ముడు మాట మానేస్తాడు. గుమాస్తా పనిచేసే పాత భవనంలో ఒక లిఫ్టు ఉంది. ఒక అంతస్తు దిగితే ఒక రోజు వెనక్కి వెళుతుంది. ఆ ఒక్క మాటా సరిదిద్దడానికి పద్నాలుగు సార్లు దిగుతాడు. ఒకసారి కాగితం మీద రాసుకుని వెళతాడు, ఒకసారి బొమ్మల చార్టు పట్టుకెళతాడు, ఒకసారి వకీలుని వెంటబెట్టుకు వెళతాడు. మైకు పట్టుకెళ్ళినప్పుడు అందరం పడీ పడీ నవ్వాం. పద్నాలుగోసారి తమ్ముడు ఒప్పుకుంటాడు. ఇద్దరూ కౌగిలించుకుంటారు.

రెండోది థాయిలాండుది. ఐసు అమ్ముకునే ముసలావిడ ఐసు గదిలో కునుకు తీసి, నలభై ఏళ్ళ వెనక తన పుట్టింట్లో లేస్తుంది. ఇంట్లోవాళ్ళు ఆవిడని కొత్త వంటమనిషి అనుకుంటారు. సొంత తాతే పెళ్ళి చేసుకుంటావా అని వెంటపడతాడు. ఒక బాతు కూడా వెంటపడుతుంది. వచ్చే ఏడు ఊరిని వరద ముంచుతుందనీ, ఆ ఇంటి అల్లుడు పారిపోతాడనీ ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పదు. మూడు రోజులు వండుతుంది, వాళ్ళతో కూర్చుని తింటుంది, వచ్చేస్తుంది.

తీర్పు స్పష్టం. మొదటిది, మనిషి తన చరిత్రని మార్చుకోగలడని నమ్ముతుంది. రెండోది లొంగిపోవడాన్ని అందంగా చూపిస్తుంది. చరిత్ర చేతికి దొరికితే కూర వండి వచ్చేసే మనిషిని చూసి మనం చప్పట్లు కొట్టాలట.

జూన్ 9

అక్కకి ఫోను చేశాను. ఎత్తలేదు.

జూన్ 10

ఎత్తలేదు. పొలంలో ఉండి ఉంటుంది.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. తొమ్మిదో తరగతికి సోషల్ మొదటి పాఠం చెప్పాను. చరిత్ర అంటే రాజుల కథ కాదు, నోరు లేని వాళ్ళ కథ అని ప్రతి ఏడూ చెప్పేదే ఈ ఏడూ చెప్పాను. ఇంటికొచ్చి స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను. గిన్నె మాడింది. ఇంట్లో ఇంకొకరుంటే వాసన పట్టేవాళ్ళు.

ఎవరూ అడగకపోయినా కేసు వివరాలు ఒకసారి వరసగా రాసుకుంటాను. నేను తప్పు చేశానో లేదో కాగితం మీద తేలిపోతుంది.

ఒకటి. మా అక్క అప్పలనర్సమ్మ. కశింకోట అవతల ఊరు. నాకన్నా పదమూడేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. చెరుకు కట్టలు మోసి నన్ను బి.ఎడ్. చదివించింది. నేను పెళ్ళి చేసుకోలేదు. నాకున్నది అక్క ఒక్కతే. ఇది వాదనలోకి రాదు. కొట్టెయ్యాలి.

రెండు. ఇరవై రెండేళ్ళుగా ఊరి అమ్మవారి పండగనాడు అక్కకి పూనకం వస్తుంది. డప్పుల మధ్య నిలబడి ఊగుతూ పలుకు చెబుతుంది. జనం చుట్టూ చేరి అడుగుతారు.

మూడు. కిందటి డిసెంబరులో నేను "పూనకం ఒక అర్జీ" అని వ్యాసం రాశాను. అక్క పేరు, ఊరు పేరు అన్నీ పెట్టాను. ఏడాదంతా ఇంట్లో మాట చెల్లని ఆడది, ఒక్క రోజు దేవత పేరు మీద తన అర్జీ పెట్టుకుంటోంది అన్నాను. ఆవిణ్ణి ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ పక్షాన రాశాను. నేను రాసినవాటిలో అంత నిజమైన వ్యాసం ఇంకోటి లేదు.

నాలుగు. ఎవరి గురించి రాస్తామో వాళ్ళకి చదివి వినిపించాలన్నది నా నియమం. వెళ్ళి అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. అక్క విన్నది. బాగుంది అన్నది. అన్నం పెట్టింది.

అయిదు. ఎవరో ఆ పేజీలు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది నేను చేసిన పని కాదు.

ఆరు. మే 20న పండగ జరిగింది. నేను సూత్రప్రకారం వెళ్ళను. డప్పులు గంటసేపు కొట్టారట. అక్కకి అమ్మవారు రాలేదు. అలాగే నిలబడిపోయిందట. అప్పుడు పైడితల్లి అనే ఇంకో ఆవిణ్ణి తెచ్చి నిలబెట్టారు. ఎవరో వీడియో తీశారు. నాకూ వచ్చింది. చూడలేదు.

రెండుసార్లు చూశాను.

జూన్ 13

బాగుంది అనే అన్నది.

జూన్ 15, ఆదివారం

మత్స్యరాజు వచ్చాడు. అనకాపల్లి డిపోలో కండక్టరు, ఏజెన్సీ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. పదకొండేళ్ళ కిందట ఇద్దరం కలిసే క్లబ్బు పెట్టాం. ఇప్పుడు నాతో ఇంకా మాట్లాడుతున్నది అతనొక్కడే. మిగిలినవాళ్ళకి ఒక్కొక్కరికీ నేనొక బహిరంగ లేఖ రాశాను.

టీ పెట్టి వ్యాసం మొదటి పేజీ చదివాను. చివరిదాకా విని గ్లాసు కింద పెట్టాడు.

"బావా, నాకు ఆ ఐసు ముసిల్దే నచ్చింది."

"నచ్చుతుంది. లొంగిపోవడం ఎవరికైనా నచ్చుతుంది."

"లొంగిపోడం ఏటి? ఆవిడ ఎల్లి ఆళ్ళతో కూకుంది. నీ జపానోడు ఎప్పుడైనా కూకున్నాడేటి? వచ్చిన కాణ్ణుంచీ నించునే ఉన్నాడు."

"వాదించడానికి వెళ్ళినవాడు నిలబడే మాట్లాడతాడు."

"అదే సెప్తన్నాను. పద్నాలుగు పాల్లు ఎల్లేడు. ఒక్కపాలైనా తమ్ముణ్ణి మాటాడనిచ్చేడా? నువ్వు మరోపాలి సూడు బావా. ఆ తమ్ముడి నోట్లోంచి మాటే ఊడిపడదు."

"తమ్ముడు చివర్లో క్షమించాడు కదా."

"ఏటన్నాడు?"

నాకు గుర్తు రాలేదు. గుర్తు లేకపోవడం నా వాదనకి సంబంధం లేని విషయం. అదే చెప్పాను. అతను నవ్వాడు. నాకు కోపం వచ్చింది. బస్సులో టిక్కెట్లు కొట్టేవాడికి కథనం గురించి ఏం తెలుసు అన్నాను. అన్నాను, అవును. శ్రమజీవుల గురించి ఇరవై ఏళ్ళు రాసినవాణ్ణి ఆ మాట అన్నాను.

అతను చెప్పులేసుకుంటూ, "బస్సులో నాకు రోజూ తెల్తాది బావా. ఎవుడైతే గట్టిగా మాటాడతాడో ఆడికి దిగాల్సిన స్టాపు దాటిపోద్ది" అన్నాడు.

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోనెసంచులు విప్పడానికి ఈ వారం అతను రాడు. నేనే విప్పాలి.

జూన్ 16

మత్స్యరాజుకి సినిమా తెలీదు.

జూన్ 17

అక్కకి ఫోను చేశాను. ఎవరో ఎత్తి పెట్టేశారు. ఊపిరి వినిపించింది. అక్క ఊపిరి నాకు తెలుసు.

జూన్ 18, బుధవారం

బడి నుంచి వచ్చి జపాను సినిమా మళ్ళీ పెట్టాను. మత్స్యరాజు తప్పని తేల్చడానికే పెట్టాను. పెన్నూ కాగితమూ పక్కన పెట్టుకున్నాను. గుమాస్తా మాట్లాడటం మొదలెట్టినప్పుడల్లా వాచీ చూశాను. తమ్ముడు నోరు విప్పినప్పుడల్లా ఆపి ఆ మాట రాశాను.

లెక్క ఇది. పద్నాలుగు రాకల్లో గుమాస్తా మాట్లాడింది నలభై ఒక్క నిమిషాలు. తమ్ముడు చెప్పినవి తొమ్మిది వాక్యాలు. అందులో ఏడు ఒకటే వాక్యం: "అన్నయ్యా, చల్లారిపోతోంది."

ప్రతిసారీ అన్న రాగానే తమ్ముడు ఒక గిన్నె తెచ్చి ముందు పెడతాడు. అన్న మాట్లాడుతూనే ఉంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ గిన్నె నా కంట పడలేదు. మైకు చూసి నవ్వుతున్నాను.

ఇక చివరి కౌగిలింత. తమ్ముడు క్షమించాను అనలేదు. సరే అనలేదు. ఏమీ అనలేదు. గుమాస్తా కౌగిలించుకున్నాడు, అతను నిలబడ్డాడు. క్షమించాడని నేనే అనుకున్నాను.

దర్శకుడు ఇది తెలిసి తీశాడా, తెలియక తీశాడా అన్నది ఒక ప్రశ్న. దాని మీద పేరా రాయవచ్చు.

రాయలేదు.

జూన్ 19

పొద్దున్నే డిపోకి వెళ్ళాను. మత్స్యరాజు నర్సీపట్నం బస్సు దగ్గర ఉన్నాడు. తొమ్మిది వాక్యాలు అన్నాను. "నాను ఆరే అనుకున్నాను" అన్నాడు. నా నోట క్షమాపణ రాలేదు. అతను అడగలేదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

జూన్ 20, శుక్రవారం

బైపాస్ జంక్షను దగ్గర కుమారి కనబడింది. అక్క కోడలు. అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో చేస్తుంది. కంపెనీ బస్సు దిగి కశింకోట ఆటో కోసం నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అక్క ఎలా ఉందమ్మా?"

"ఉన్నాది."

"ఫోను ఎత్తడం లేదు."

"ఎత్తి ఏటి మాటాడాల చినమాయ్య? మీరు దాన్ని కూడా రాసేత్తారు."

నేను ఆవిడ పక్షాన రాశానమ్మా అన్నాను. అప్పుడు కుమారి నా వైపు తిరిగింది.

"నాను కంపెనీకి ఎల్తానంటే మీ మేనల్లుడు కాళ్ళిరగ్గొడతానన్నాడు. తెల్సా మీకు? రెండేళ్ళు ఏడ్సేను. అత్తమ్మ సెప్పింది, ఇన్లేదు. పెద్దోళ్ళు సెప్పేరు, ఇన్లేదు. పండగనాడు అమ్మోరు ఒచ్చి సెప్పింది, అయ్యప్పా, దాన్ని ఎల్లనీ అని. మర్నాడే ఆడే తీసుకెల్లి బస్సెక్కించేడు. ఇప్పుడేటంటన్నాడో తెల్సా? మాయ్య రాసేడు గదా, అది అమ్మోరు కాదు, మా అమ్మే అంట, అంటన్నాడు. రేపు నన్ను మానెయ్యమంటే ఎవులు సెప్తారు ఆడికి? మీ పుస్తకం సెప్తాదా?"

ఆటో వచ్చింది. ఎక్కుతూ, "మీరు రాసింది అబద్దం అన్లేదు నాను" అన్నది. ఆటో వెళ్ళిపోయింది.

మాట చెల్లని ఆ ఆడదాని, మా అక్క పోరాట రూపాన్ని నేను బయటపెట్టాను. బయటపెట్టాక అది పనిచెయ్యడం మానేసింది. ఇందులో తర్కదోషం ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. తర్కం బాగానే ఉంది. వండుకున్న అన్నం అలాగే ఉంది.

జూన్ 21

క్షమాపణ రాశాను. ఆరు పేజీలు. "అక్కకి ఒక బహిరంగ క్షమాపణ." పత్రికకి పంపే ముందు ఆవిడకి చదివి వినిపిస్తాను. సినిమాల వ్యాసం ఆపేసి దీన్నే వెయ్యమంటాను. బాగా వచ్చింది. మూడో పేజీలో నాకే కళ్ళు చెమర్చాయి.

జూన్ 22, ఆదివారం

ఉదయం తొమ్మిదికి షేర్ ఆటో ఎక్కాను. కశింకోటలో దిగి ఊళ్ళోకి నడిచాను. అక్క అరుగు మీద కూర్చుని చేటలో పెసలు ఏరుతోంది. నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది. లోపల అయ్యప్ప టీవీ చూస్తున్నాడు. బయటికి రాలేదు.

కూర్చున్నాను. సంచిలోంచి కాగితాలు తీశాను.

"సదువుతావేటి?" అన్నది అక్క.

"ఆఁ."

"మొన్నోపాలీ సదివేవు."

కాగితాలు చేతిలో ఉన్నాయి. లిఫ్టులో పదిహేనోసారి దిగుతున్నట్టు అనిపించింది. మడిచి సంచిలో పెట్టేశాను. నాకు తెలిసిన మాటలన్నీ ఆ ఆరు పేజీల్లోనే ఉన్నాయి. ఇంకేం మిగల్లేదు. పెసల్లో చెయ్యి పెట్టి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. నేను మంచివి కూడా ఏరి పారేస్తుంటే అక్క నా చెయ్యి మీద ఒకటి వేసింది.

చేటలో సగం పెసలు ఏరడం అయింది.

"ఏట్రా, మాటాడవు. ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉంది."

"మరి నోరు మూసుకున్నావేటి? బయమేత్తంది నాకు."

ఏదో ఒకటి చెప్పాలి. ఐసు అమ్మే ముసలావిడ కథ చెప్పాను. వాదన లేకుండా, ఏం జరిగిందో అది. తాత పెళ్ళి చేసుకుంటానని వెంటపడటం దగ్గర అక్క నవ్వడం మొదలుపెట్టింది. బాతు దగ్గర చేట కింద పెట్టేసి నవ్వింది. కుమారి గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళింది.

"ఐతే వరదొత్తాదని సెప్పకండానే ఒచ్చేసిందా?"

"చెప్పలేదు."

"సెప్పినా ఇంటారేటి. ఆవిడ వొట్టి వంటమనిసి గదా." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "అమ్మోరు సెప్తేనే ఇంటారు."

నేను అడగలేదు. అడగకుండానే చెప్పింది.

"పండగనాడు డప్పేసేరు. నాకు అరికాల్లోంచి ఎక్కుతాది ఎప్పుడూ. ఎక్కింది కూడాను. మోకాలి దాకా ఒచ్చింది. అప్పుడు నీ గొంతు ఇనిపించింది. అర్జీ, అర్జీ అని. ఈళ్ళందరి ముందరా అర్జీ ఎట్టుకోడానికి నించున్నాననిపించింది. సిగ్గేసింది. ఇంక అమ్మ ఏటొత్తాది."

నా వాదన రుజువైంది అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను. ఇంకెక్కడా రాయను.

"మరి చదివినప్పుడు బాగుంది అన్నావు కదే."

"అన్నం తినకండా ఎల్లిపోతావని అన్నాను. వాదనెట్టుకుంటే నువ్వు అన్నం తినవు. సిన్నప్పట్నుంచీ అంతే."

ఆరు నెలలు ఆ ఒక్క మాట మీద నిలబడ్డాను నేను.

ఏం చెయ్యమంటావు అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క నా వైపు చూసింది. నిజంగా అడుగుతున్నానా, లేక తరవాతి వాక్యం కోసం దారి వేసుకుంటున్నానా అని చూసినట్టుంది. నేను ఎదురుచూశాను.

"ఐతే రాసుకో. నేకపోతే మర్సిపోతావు, నేకపోతే మార్సేత్తావు. నీ సొంత పుస్తకంలోనే. పేపర్లో కాదు."

ఆ ఆరు పేజీల వెనక వైపు రాసుకున్నాను. ఇప్పుడు ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఆవిడ చెప్పిన వరసలో, ఆవిడ మాటల్లో.

1. నా పేరెట్టి మరి రాయకు. మంచిగా కూడా రాయకు.

2. సమాపణ అచ్చెయ్యకు. నాకు సెప్పేవు, సాలు.

3. అయ్యప్పతో నువ్వే మాటాడు. కుమారి ఉజ్జోగం మానకూడదని సెప్పు. పుస్తకాల్లో మాటలు సెప్పకు, మేనమామలాగ సెప్పు.

4. వచ్చే పండగకి రా. వెనకాల నించో. అమ్మ ఒస్తే ఎందుకొచ్చిందని అడక్కు. రాపోతే ఎందుకు రాలేదని అడక్కు.

5. ఆదివారం అన్నానికి రా. సంచి తేకు.

6. ఆ ఐసు ముసిల్దాని బొమ్మ నాకు సూపించు. ఆళ్ళ బాస నాకు రాదు కాబట్టి పక్కన కూకుని ఆళ్ళేటి మాటాడతన్నారో సెప్పు. నీ మాటలు కలపకు.